బంతియా, బడియా?

నిడుగల్లు దుర్గము క్రింద, ఒకనాడు చోళులేలిన నేలపై, సాయంకాలమున బంతి తన్నుకొను పిల్లలను చూచుట మాకు కన్నుల పండుగ. ఆటకు మేము శత్రువులము కాము. ఈ మాట ముందుగానే చెప్పుకొనుటకు కారణము కలదు. ఇక్కడ మేము వ్రాయబోవునది మన మిత్రులలో కొందఱికి కటువుగా తోచవచ్చును.

పావగడ తాలూకాలోని మన తెలుగు కుటుంబములలో కొన్నిటికి క్రొత్త మోజు పట్టినది. పదుమూడేండ్ల పిల్లవాడు కాస్త చుఱుకుగా పరుగెత్తెనా, వానిని బడి మాన్పించి ఏదో యొక ఫుట్‌బాల్ అకాడమీలో చేర్పింపవలెనని తండ్రికి తహతహ. "కాలేజీలో చదివి ఎవడు ఆటగాడైనాడు?" అని వారి ప్రశ్న.

ఆ ప్రశ్నలో నిజము లేకపోలేదు. ఆటకు శరీరము లొంగు వయస్సు పండ్రెండు మొదలు పదునెనిమిది వఱకే. మన కాలేజీలలో మైదానమున్నచోట శిక్షకుడుండడు, శిక్షకుడున్నచోట మైదానముండదు. ఏడాదికి నాలుగు దినముల పోటీలతో ఆటగాడు తయారు కాడు. జంషెడ్‌పూరులో టాటా ఫుట్‌బాల్ అకాడమీ 1987లో వెలసినది. మనకు దగ్గఱగా, బళ్ళారి జిల్లా తోరణగల్లు చెంత, ఇన్‌స్పైర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్ 2018లో వెలసినది. అమెరికా బాలుడు పులిసిక్ పదునాఱవ యేటనే జర్మనీలోని డార్ట్‌మండ్ క్లబ్బులో చేరి పేరు గడించెను. ఇవి కాదనలేని సంగతులు.

అయినను లెక్క చూడుడు. 2024-25లో ఇండియన్ సూపర్ లీగులో ఆడినవి 13 జట్లు. జట్టుకు ముప్పదిమంది చొప్పున చూచినను, విదేశీయులతో కలిపి నాలుగు వందలకు లోపే. ఇంత దేశమునకు అన్ని పీటలే! ఆ పీటలైనను స్థిరమా? 2022 మార్చిలో కప్పు గెలిచిన హైదరాబాదు ఎఫ్.సి. 2025లో ఢిల్లీకి తరలి పేరే మార్చుకొన్నది. అదే యేడు లీగు భవిష్యత్తు తేలక నిలిచిపోయినప్పుడు, ఆగస్టులో బెంగుళూరు ఎఫ్.సి. తన పెద్ద జట్టు జీతములు నిలిపివేసినది. పిల్లల జట్లకు భంగము లేదని ఆ సంస్థ చెప్పిన మాట నిజమే. కాని ఆ పిల్లలు పెరిగి చేరవలసినది పెద్ద జట్టులోనే కదా!

మా యెఱుకలో ఒక కుఱ్ఱవాడున్నాడు. ఊరు, పేరు వద్దు. ఎనిమిదవ తరగతిలో బడి నుండి టీసీ తీసికొని ఒక అకాడమీకి వెళ్ళినాడు. మూడేండ్లకు మోకాలు దెబ్బతిని తిరిగి వచ్చినాడు. తమ్ముని వయస్సు పిల్లల ప్రక్కన కూర్చుండి పదవ తరగతి చదువుటకు సిగ్గుపడినాడు. నేడు తిరుమణి సౌరవిద్యుత్ క్షేత్రములో పలకలు తుడుచుచున్నాడు. కూలి నీచమని మేమనము. కాని ఆ బాలునికి మఱొక దారి మిగుల్చకుండ చేసినవారెవరు? అకాడమీ ఒక్కటేనా? ఆనాడు వానిని ఊరేగించి, తిరిగి వచ్చిన నాడు మొగము చాటు చేసిన మనము కామా?

ఆటకును చదువునకును పగ యున్నదను వాదమే తప్పు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో భారత జట్టును నాలుగవ స్థానమునకు, 1962 జకార్తాలో స్వర్ణపతకమునకు నడపిన హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం ఉస్మానియాలో చదివిన బడిపంతులు. పి.వి. సింధు గోపీచందు అకాడమీలో సాధన చేయుచునే డిగ్రీ చదివినది. అయితే ఆమె తల్లిదండ్రులిద్దఱును వాలీబాల్ క్రీడాకారులు, రైల్వే ఉద్యోగులు. వేరుసెనగ విత్తి వానకై ఆకాశము చూచు మన రైతునకు ఆ అండ యెక్కడిది? ధనవంతులు కానివారు పిల్లలను క్రీడారంగమున దింపవద్దని 2025లో గోపీచందుగారే హెచ్చరించిరి. ఆ మాటతో మేము పూర్తిగా ఏకీభవింపము. పేదవాని బిడ్డకును ఆట కావలెను. ఓడినను నిలుచుటకు కాలిక్రింద నేలయు కావలెను.

ఆ నేలను అమెరికావారు ఒప్పందములోనే వ్రాసికొన్నారు. అక్కడి వృత్తి లీగు, కాలేజీ దాటకముందే చేర్చుకొను మెఱికలైన పిల్లలకై 1997లో ఒక పథకము పెట్టినది. ఆట కలిసిరానిచో పిల్లవాడు కాలేజీకి వెళ్ళి చదువుటకు సొమ్ము ఆ ఒప్పందములోనే కేటాయింతురు. ధనిక దేశమున కూడ ఇంత జాగ్రత్త! మనమో, బిడ్డ యెముక విఱిగిన వైద్యమునకు ఎవరు పూచీయని కూడ అడుగము.

కావున మేము కోరునది ఇది. అకాడమీ ద్వారమున నిలిచిన తండ్రి, పిల్లవాడు ఏ బడిలో ఏ తరగతి చదువునో, దెబ్బతగిలినను, తీసివేసినను చదువు ఖర్చు ఎవరిదో కాగితముపై వ్రాయించుకొనవలెను. వ్రాయని అకాడమీ ఎంత పెద్దదైనను దాని గడప దిగి రావలెను. మన కాలేజీలు మైదానమును అలంకారముగా కాక అవసరముగా ఎంచవలెను. మన సంఘములు గెలిచినవానికి శాలువ కప్పుటతో తృప్తిపడక, తిరిగి వచ్చినవానిని మరల బడిలో కూర్చుండబెట్టుటకు ఒక నిధి కూర్చవలెను. ఇంట తెలుగు, బడిలో కన్నడము, పరీక్షలో ఇంగ్లీషు అని మూడు మెట్లెక్కి వచ్చిన మన పిల్లలకు, నడుమ తెగిన చదువును మరల అతికించుకొనుట ఇతరులకన్న కష్టము.

మొదటి పదనుకే ఇంటిలోని విత్తనమంతయు చల్లు రైతు మన సీమలో లేడు. రెండవ వానకు కొంత దాచుకొనును. చేనియందు చూపు ఆ వివేకమును బిడ్డలయందు చూపలేమా?