తప్పించుకునే దారి

పిల్లలూ! చంద్రయాన్-3ను 2023 జూలై 14న శ్రీహరికోట నుంచి ఆకాశానికి ఎత్తిన రాకెట్టు పేరు ఎల్.వి.ఎం.3. గగనయాన్‌లో మన వ్యోమగాములను పంపదలచినది కూడా ఆ జాతి రాకెట్టు మీదనే.

"రాకెట్టు ఉండనే ఉన్నది గదా, తాతయ్యా! అందులో మనుషులను కూర్చోబెట్టి పంపక ఇన్నేళ్ళుగా ఏం చేస్తున్నారు?" అని మా మనవరాలు అడిగింది.

మంచి ప్రశ్నే. బస్తాలు మోసే లారీకీ, మీరు బడికి వెళ్ళే బస్సుకూ ఇంజనులో పెద్ద భేదం లేదు. కాని బస్సుకు అదనంగా ఒక తలుపు ఉంటుంది. అది రోజూ తెరిచేది కాదు, ఆపద వచ్చినప్పుడు తెరిచేది. రాకెట్టు సంగతీ అంతే. ఉపగ్రహం పోతే మళ్ళీ చేసుకోవచ్చు. మనిషి పోతే మళ్ళీ చెయ్యలేము.

ఎల్.వి.ఎం.3 ఎత్తు 43 మీటర్లకు పైమాట. బరువు 640 టన్నులు. దాని రెండు ప్రక్కలా రెండు పెద్ద గొట్టాలుంటాయి. ఒక్కొక్క దానిలో 200 టన్నులకు పైగా ఘన ఇంధనం కూరి ఉంటుంది. దీపావళినాడు చిచ్చుబుడ్డి ముట్టించిన తరవాత దాన్ని మధ్యలో ఆపగలరా? ఈ గొట్టాలూ అటువంటివే. ముట్టించాక ఆర్పటానికి లేదు. అందుచేత ఆపద వస్తే రాకెట్టును ఆపటం కాదు, మనుషులనే దానినుంచి దూరంగా లాగెయ్యాలి.

ఇందుకోసం వ్యోమగాములు కూర్చునే గదికి పైన చిన్న రాకెట్లు అమర్చుతారు. ప్రమాదం కనిపించగానే అవి మండి, గదిని పైకి, ప్రక్కకు ఈడ్చుకుపోతాయి. తరవాత పారచూట్లు విచ్చుకుని గదిని మెల్లగా దించుతాయి.

ఇది నిజంగా పనిచేస్తుందా? 1983 సెప్టెంబరు 26 రాత్రి రష్యావారి సోయజ్ రాకెట్టు బైకనూరులో బయలుదేరటానికి సిద్ధంగా ఉన్నది. లోపల వ్లదీమిర్ తితోవ్, గెన్నాదీ స్ట్రెకలోవ్ కూర్చుని ఉన్నారు. ఇంకా ఒకటిన్నర నిమిషం ఉందనగా రాకెట్టు అడుగున నిప్పు అంటుకున్నది. తీగెలు కాలిపోయాయి. క్రింద ఉన్నవారు రేడియో ద్వారా ఆజ్ఞ పంపారు. వెంటనే పైనున్న చిన్న రాకెట్లు మండి గదిని లాక్కుపోయాయి. ఆ కొద్ది సెకన్లలో వారికి తమ శరీరం బరువు 14 రెట్లకు పైగా పెరిగినట్టయింది. వెనక రాకెట్టు పేలిపోయింది. ఇద్దరూ సుమారు 4 కిలోమీటర్ల దూరాన ప్రాణాలతో దిగారు.

తరవాత ఏమయిందో తెలుసా? 1984 ఏప్రిల్ 3న, హైదరాబాదులో చదువుకున్న మన రాకేశ్ శర్మ అంతరిక్షానికి వెళ్ళినప్పుడు, ఆయన ప్రక్కన కూర్చున్నవారిలో ఒకరు ఈ స్ట్రెకలోవే!

మనవాళ్ళు కూడా ఈ దారిని ముందుగా పరీక్షిస్తున్నారు. 2018 జూలై 5న నేలమీది నుంచే ఒక ఖాళీ గదిని ఎగరేసి సముద్రంలో దించారు. 2023 అక్టోబరు 21న మరొక ఖాళీ గదిని రాకెట్టు మీద పంపబూనారు. ఇంకా 5 సెకన్లు ఉన్నదనగా కంప్యూటరు ఏదో తేడా పసిగట్టి ప్రయోగాన్ని ఆపేసింది. శాస్త్రజ్ఞులు కంగారు పడలేదు. లోపం కనిపెట్టి, సరిచేసి, ఆ ఉదయమే 10 గంటలకు ప్రయోగించారు. సుమారు 12 కిలోమీటర్ల ఎత్తున గది విడిపోయి, బంగాళాఖాతంలో దిగింది. నౌకాదళం వారు దాన్ని ఒడ్డుకు చేర్చారు.

నేను బడి నడిపే రోజుల్లో ఏడాదికి రెండుసార్లు ఉత్తుత్తి ప్రమాద గంట కొట్టించేవాణ్ణి. పిల్లలు వరసగా మైదానంలోకి రావాలి. నా హయాంలో బడికి నిప్పు అంటుకున్నది లేదు. "ఎందుకండీ ఈ శ్రమ?" అని కొందరు తల్లిదండ్రులు నవ్వేవారు. అయినా గంట కొట్టించటం నేను మానలేదు.

గగనయాన్ మీద ఉండే ఆ చిన్న రాకెట్లు కూడా ఎన్నడూ మండవలసిన అవసరం రాకూడదనే అందరం కోరుకుందాం. వాటిని ఇంత శ్రద్ధగా చెయ్యటం మాత్రం వృథా కాదు.

మా మనవరాలు అంతా విని, "అయితే ఇంకొన్నాళ్ళు ఆగుదాంలే, తాతయ్యా," అన్నది.