ఎస్.క్యూ.ఎల్. అక్కఱలేదనువారికి

డేటాబేసు పట్టికలను ఆబ్జెక్టులుగా చూపు ఓ.ఆర్.ఎం. చేతనుండగా ఎస్.క్యూ.ఎల్. నేర్చుట కాలహరణమనియు, పైథాన్ వచ్చినవానికి డేటాబేసు తనంతట వశమగుననియు ఒక శిక్షకుడు ఈ నడుమ నిండుతరగతిలో బోధింపగా, విద్యార్థులు తలలూపుట చూచితిని. అజ్ఞానమును విద్యగా చలామణి చేయు ఈ మాటను ఖండింపక యూరకుండుట నావలన కాదు.

ఈ నెల రద్దయిన ఆర్డర్లెన్ని యని యడిగిన, ఆ బోధ విన్నవాడు పైథాన్‌వారి జాంగో ఓ.ఆర్.ఎం.లో ఫిల్టరు వ్రాసి దానికి లెన్ తగిలించును. అంతట ఆ వరుసలన్నియు డేటాబేసునుండి బయలుదేరి, నెట్‌వర్కు దాటి, పైథాన్ ఆబ్జెక్టులుగా రూపొంది, మెమరీని నింపి, తుదకొక్క అంకెను మిగిల్చి నశించును. గిడ్డంగిలోని బస్తాల సంఖ్య తెలియుటకు వానినన్నింటిని బండ్లకెత్తించి యింటికి తోలించుకొనుట వంటిదిది. కౌంట్ అని వ్రాసిన, లెక్క డేటాబేసులోనే ముగిసెడిది. అయినను ఇందు నష్టము కాలమే.

అసలు అనర్థము తప్పుడు లెక్క. ఐదువందలకు మించిన ధరగల పుస్తకము వ్రాసిన రచయితలెందఱని పుస్తకముల పట్టికమీదుగా ఫిల్టరు చేసి కౌంట్ అడిగిన, అట్టి పుస్తకములు మూడున్న రచయిత మూడుమార్లు లెక్కకెక్కును. ఏలన ఆ ఫిల్టరు వెనుక రెండు పట్టికలను కలుపు జాయిన్ ఉన్నది. 3 పుస్తకములు, 2 బహుమతులు గల రచయితకు ఒకే యానొటేటులో రెండింటిని లెక్కించిన, పుస్తకములు 6, బహుమతులు 6 అని వచ్చును! ఎర్రర్ రాదు, రిపోర్టు అధికారి బల్లమీదికి చేరును. ఈ ప్రమాదమును జాంగో డాక్యుమెంటేషనే హెచ్చరించుచున్నది, చదువువారేరి? డిస్టింక్ట్ చేర్చిన చాలునందురు. కౌంటునకు చాలును, ధరల మొత్తమునకు చేర్చిరా, ఒకే ధరగల రెండు పుస్తకములలో నొకటి మాయమగును.

1974లో ఐ.బి.ఎం. పరిశోధకులు చాంబర్లిన్, బాయిస్ ఎస్.క్యూ.ఎల్. భాషకు మూలరూపమును ప్రకటించునప్పుడు, ప్రోగ్రామర్లు కానివారును దీనితో ప్రశ్నింపగలుగవలెనని సంకల్పించిరి. సామాన్యులకై పుట్టిన భాష నేడు ఇంజినీర్లకు దుర్భరమైనదట! ఇంతకంటె అవమానకరమైన మాట మన వృత్తిలో నేను వినలేదు.

మఱి చేయవలసినదేమి? ఓ.ఆర్.ఎం.ను త్యజింపుమని నేననను. కౌంట్ నమ్ముటకు ముందు, ఓ.ఆర్.ఎం. పుట్టించిన క్వెరీని అచ్చువేయించి చదువవలెను. 2017లో వచ్చిన జాంగో 2.0 నుండి కౌంటులోనే ఫిల్టరును ఇమిడ్చు సదుపాయము కలదు; మేలే. కాని అదియు జాయిన్ చేయు గుణకారమును ఆపదు. ఆ శిక్షకుడు తన విద్యార్థులకు ఈ సంగతి యే భాషలో వివరింపగలడు?