దాహం ఎవరికి?

పటాన్‌చెరులో మా రూమ్‌లో ఫుట్‌బాల్ పిచ్చోళ్ళం ముగ్గురం. ఎందుకిష్టమంటే, 45 నిమిషాలు ఎవడూ మధ్యలో దూరి సబ్బులమ్మడు. ఆ ముచ్చటా తీరింది. 2026 ప్రపంచకప్‌లో ఒక్కో హాఫ్‌లో 3 నిమిషాల నీళ్ళ విరామం అని ఫిఫా 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. ఛానెళ్ళు అప్పుడు యాడ్లు వేసుకోవచ్చు.

పాశమైలారంలో బాయిలర్ పక్కన పనిచేసే మా రూమ్మేట్ "నీళ్ళు తాగనివ్వవా పాపం?" అన్నాడు. తాగనీ బాబూ! 2014లో ఫోర్తలేజాలో నెదర్లాండ్స్-మెక్సికో మ్యాచ్‌ని వేడి చూసే ఆపారు, ఎవరన్నా కాదన్నామా? ఇప్పుడు ఎండతో పనే లేదట. పైకప్పు మూసిన స్టేడియంలోనూ, చలేసినా సరే, ఆపాల్సిందే. మరి దాహం ఎవరికండీ?

ఈ సినిమా మనం చూసిందే. 2009 ఐపీఎల్, మన డెక్కన్ ఛార్జర్స్ కప్పు కొట్టిన ఏడాది. అప్పుడు నేను స్కూల్లో. పది ఓవర్లవగానే ఏడున్నర నిమిషాల "వ్యూహాత్మక" విరామం. వ్యూహమంతా యాడ్లదే! గిల్లీ ఊపులో ఉంటే మాకు ఒళ్ళు మండేది. విమర్శలొచ్చాక 2010లో దాన్ని రెండున్నర నిమిషాలకి కోశారు. కోసి, ఇన్నింగ్స్‌కి రెండుసార్లు పెట్టారు. తీసెయ్యలేదు, గమనించారా?