వేరు కంచం అవతల పారేద్దాం!

అక్కలారా! అన్నలారా! బస్తీ జనమా!

దగ్గు తగ్గకపోయినా దవాఖానకు పోవాలంటే జంకుతున్నాం. ఎందుకు? సూదికి భయమా? కాదు! "దానికి టీబీ అంట!" అనే పక్కింటి గుసగుసకు భయం!

జబ్బుపడ్డ మనిషి ఎట్లా ఉండాలో లోకం ముందే తేల్చిపెట్టింది. నోరు మూసుకోవాలి. మూలకు కూర్చోవాలి. పెట్టిన మెతుకులకు దణ్ణం పెట్టాలి. నాలుగు రోజుల్లో లేచి పనికి పోవాలి. లేవకపోతే నాటకాలంటారు! నవ్వితే "దీనికి జబ్బేంది?" అంటారు. ఏడిస్తే ఇంటికి దరిద్రమంటారు. ఎట్లా బతకాలి మరి?

మన సందులోనే చూడండి. పెళ్లి కావాల్సిన పిల్ల మాత్రల అట్టలు బియ్యం డబ్బాలో దాచుకుంటోంది. తెల్లారకముందే లేచి చీకట్లో మింగుతోంది. ఆ మందుకు మూత్రం ఎర్రగా వస్తుంది. ఎవరి కంట పడుతుందోనని చెంబుల మీద చెంబులు నీళ్లు కుమ్మరిస్తోంది!

మొగుడికి టీబీ వస్తే పెళ్లాం కూలికి పోయి మరీ గుడ్డు ఉడకబెట్టి పెడుతుంది. పెళ్లానికి వస్తే? పుట్టింటి బస్సెక్కిస్తారు! ఇంట్లో ఉంచుకున్నా ఏం సుఖం? ఆమె వండిన కూర అందరికీ కావాలి. ఆమె తిన్న కంచం మాత్రం ఎవరూ ముట్టరు!

ఏం పాపం చేసిందని? టీబీ క్రిమి వల్ల వచ్చే జబ్బని 1882లోనే రాబర్ట్ కాక్ అనే డాక్టరు చెప్పాడు. కంచంతో రాదు. దుప్పటితో రాదు. చెయ్యి పట్టుకుంటే రాదు. దగ్గినప్పుడు గాలిలో వస్తుంది. గాలాడని ఇరుకు గదుల్లో ఇంకా తొందరగా అంటుకుంటుంది. కిటికీ లేని గదిని అద్దెకిచ్చినోడికి లేని సిగ్గు, అందులో దగ్గేవాళ్లకెందుకు?

1950ల్లో మద్రాసులో కొందరికి శానిటోరియంలో, కొందరికి వాళ్ల ఇరుకిళ్లలోనే మందులిచ్చి చూశారు. ఇంట్లో ఉన్నవాళ్లకూ నయమైంది. వాళ్లతో కలిసి బతికినవాళ్లకు ముప్పేమీ పెరగలేదు. 60 ఏళ్లు దాటినా ఇంకా ఈ వెలి ఏమిటి?

సర్కారు దవాఖానలో మందులు ఉచితం. మామూలు టీబీకి 6 నెలలు వాడాలి. మందు పడితే చాలామంది నుంచి కొన్ని వారాల్లోనే అంటుకోవడం ఆగిపోతుంది. తిండికి సర్కారు ఇచ్చే డబ్బును 2024 నవంబరులో నెలకు 500 నుంచి 1000 రూపాయలు చేశారు. ఈఎస్ఐ కార్మికుడికైతే నిబంధనల ప్రకారం జీతంలో 80 శాతం లెక్కన రెండేళ్ల దాకా ఇవ్వొచ్చు. మరి అడ్డా మీద కూలికి? ఇళ్లలో పాచిపని చేసే అక్కకు? రెండు రోజులు రాకపోతే ఇంకో మనిషిని పెట్టుకుంటారు! పని పోతుందని మందు మధ్యలో ఆపేస్తే జబ్బు మొండికేస్తుంది. అప్పుడు తిట్లూ మనకే! మాన్పించిందెవరు?

అందుకే రండి!

రెండు వారాలు దగ్గితే తెమడ పరీక్షకు పోదాం. ఒంటరిగా పంపొద్దు, తోడుగా పోదాం!

వేరు కంచాన్ని ఇవాళే ఎత్తేద్దాం. ఒకే బంతిలో కూర్చుని తిందాం!

తిండి డబ్బు పడకపోతే దవాఖానకు పోయి గట్టిగా అడుగుదాం!

జబ్బు పేరు చెప్పి పనిలోంచి తీసేస్తే, ఆ గడప ముందు పదిమందిమి నిలబడదాం!

జాలి మాకొద్దు! 6 నెలల మందు, కడుపుకు తిండి, తిరిగి చేరడానికి పని కావాలి!

సిగ్గుపడాల్సింది వెలివేసేవాళ్లు! మనం కాదు!

ఇట్లు,
మందులు మింగుతూ మీ మధ్యే బతుకుతున్న బస్తీ అక్కాచెల్లెళ్లు, అన్నదమ్ములు