తరువాతి చిరునామా

ఒకే వీధిలో వరుసగా కట్టిన వెయ్యి ఇళ్లలో 813వ ఇంటికి పోవడం సులభం. సంఖ్య తెలిస్తే చాలు. ఆ ఇళ్లే ఊరంతా చెదిరి ఉండి, ప్రతి గడప మీదా తరువాతి ఇంటి చిరునామా మాత్రమే రాసి ఉంటే? మొదటి ఇంటి నుంచి బయలుదేరి 812 గడపలు తొక్కక తప్పదు.

కంప్యూటర్ స్మృతిలో సమాచారాన్ని అమర్చడానికి ఈ రెండు పద్ధతులూ ఉన్నాయి. మొదటిది అర్రే. రెండవది లింక్డ్ లిస్ట్. గొలుసు జాబితా అనుకోవచ్చు.

అంత శ్రమ దేనికి? 1950ల మధ్యలో అమెరికాలో అలెన్ న్యూవెల్, క్లిఫ్ షా, హెర్బర్ట్ సైమన్ తర్కశాస్త్ర సిద్ధాంతాలను నిరూపించే ప్రోగ్రామును తలపెట్టారు. ఏ నిరూపణకు ఎంత చోటు కావాలో ముందుగా తెలియదు. అందుచేత ఖాళీ దొరికిన చోటనే అంశాన్ని ఉంచి, చిరునామాలతో ముడివేశారు. నడుమ కొత్త అంశం చేర్చాలన్నా రెండు చిరునామాలు రాస్తే సరి, మిగిలినవి కదలవు. న్యూవెల్, సైమన్‌లకు 1975లో ట్యూరింగ్ పురస్కారం లభించింది. షా పేరు అందులో లేకపోవడం విచారకరమే.

1972 ప్రాంతంలో బెల్ ప్రయోగశాలల్లో డెనిస్ రిచీ రూపొందించిన 'సి' భాషలో ఈ చిరునామా నేరుగా ప్రోగ్రామరు చేతికి అందుతుంది. దాని పేరు పాయింటర్. చివరి అంశంలో చిరునామాకు బదులు 'నల్' అనే శూన్యసంకేతం ఉంటుంది. నడక ఆగేది అక్కడ.

చిక్కు వచ్చేది జాబితాను తొలగించేటప్పుడు. పని ముగిశాక అది ఆక్రమించిన చోటును ఒక్కొక్క అంశంగా తిరిగి అప్పగించాలి. అనుభవం చాలనివాడు చేతిలోని అంశాన్ని ముందు వదిలివేసి, ఆపైన దానిలోని చిరునామా చదవబోతాడు. ఇల్లు కూల్చి, గడప మీది రాతను వెతకడం వంటిది ఇది. చిత్రమేమంటే, చాలాసార్లు ఆ రాత చెక్కుచెదరకుండా అక్కడే ఉంటుంది. ప్రోగ్రాము సవ్యంగా నడుస్తుంది, పరీక్షలన్నీ నెగ్గుతుంది. మరొకనాడు ఆ చోటు వేరొక పనికి వినియోగమై ఉంటుంది. అప్పుడు ఆ చిరునామా ఎక్కడికి ఈడ్చుకుపోతుందో ఎవరూ చెప్పలేరు. ఇటువంటి లోపాలను ఆసరా చేసుకొని పరుల కంప్యూటర్లను వశపరచుకున్న ఉదంతాలు అనేకం.

బ్రయన్ కెర్నిఘాన్, రిచీ తమ గ్రంథం 1988 నాటి రెండవ కూర్పులో ఈ పొరపాటునే ఉదాహరణగా ముద్రించి, పక్కనే అది తప్పని గుర్తుపెట్టారు. దిద్దుబాటు చాలా చిన్నది. తరువాతి చిరునామాను ముందుగా వేరొకచోట రాసుకోవాలి; ఆ తరువాతనే చేతిలోని అంశాన్ని వదలాలి.