పట్టాలు వచ్చినై, మన బస్తా లారీ మీదనే

పొద్దుగూకినాక కుకునూరుపల్లి దగ్గర రాజీవ్ రహదారి పక్కన ఓ గంట నిలబడి చూడండి. ఇసుక, సిమెంటు, వడ్లు, మక్కలు, కూరగాయలు, అన్నీ లారీల మీదనే. దుద్దెడ టోల్ గేటు కాడ ఆగి, పైసలు కట్టి పోతుంటయి. ఆ పైసలు చివరికి ఎవరి నెత్తిన పడతాయో వేరే చెప్పాల్నా?

రైలు రాలేదా అంటే వచ్చింది. 151 కిలోమీటర్ల మనోహరాబాద్–కొత్తపల్లి లైనుకు 2016 ఆగస్టులో గజ్వేల్ దగ్గర శంకుస్థాపన చేసినారు. 2022లో గజ్వేల్‌కు ఎరువుల గూడ్సు వచ్చింది. 2023 అక్టోబరులో సిద్దిపేటకు ప్యాసింజరు నడిచింది. మంచిదే. కాని ఆ పట్టాల మీద మన పంటకు చోటెంత?

దేశం లెక్క చూద్దాం. 1950–51లో రైలూ రోడ్డూ కలిసి మోసిన సరుకులో నూటికి 89 వంతులు రైలుదే. ఇప్పుడు కేంద్రం తన జాతీయ రైలు ప్రణాళికలోనే ఆ వాటా 27కు పడిపోయిందని ఒప్పుకొని, 2030కల్లా 45కు తెస్తామంటున్నది. రైలు మోత తగ్గలేదు సుమా! ఏడాదికి 7 కోట్ల టన్నుల చిల్లర నుంచి 160 కోట్ల టన్నులకు పెరిగింది. అందులో దాదాపు సగం బొగ్గే. పెరిగిన తక్కిన సరుకంతా లారీ ఎత్తుకపోయింది. డెల్టా కాలువల మీద వడ్ల పడవలు ఏనాడో మాయమైనయి.

ఇది దానంతట అది జరగలేదు. ఒకప్పుడు చిన్న స్టేషన్లో కూడా ఒక్క వ్యాగన్, అర వ్యాగన్ సరుకు తీసుకునేవారు. 1980ల నుంచి రైల్వే ఆ చిల్లర సరుకును వదిలించుకుంది. మొత్తం గూడ్సు నింపేవాడికే బండి అన్నది. గూడ్సు అంటే 40కి పైగా వ్యాగన్లు, సుమారు రెండున్నర వేల టన్నులు. ఎరువుల కంపెనీ నింపగలదు, ఎఫ్‌సీఐ నింపగలదు. మూడెకరాల రైతు నింపగలడా? మన వడ్లే మిల్లులో బియ్యమై, ఎఫ్‌సీఐ చేతికి పోయినాక దర్జాగా రైలెక్కి కేరళ, తమిళనాడు పోతున్నయి.

ఒక టన్ను కిలోమీటరు దూరం పోవడానికి రోడ్డు మీద రెండున్నర రూపాయలు, రైలు మీద 1 రూపాయి 36 పైసలని కొన్నేళ్ల కింద కేంద్రమే చెప్పింది. 500 కిలోమీటర్లకు టన్నుకు 570 రూపాయల తేడా! 2014 అక్టోబరులో డీజిల్ ధర మీద అదుపు ఎత్తేసినాక లారీ కిరాయికి పట్టపగ్గాలు లేవు. బోయినపల్లి మార్కెటుకు టమాట రైల్లో పోవాలని ఎవరూ అనరు. దగ్గరి దూరానికి రెండుసార్లు ఎక్కించుడు, దించుడు గిట్టదు. దూరపు సరుకు సంగతే మనం అడిగేది.

వడ్లకు సర్కారే లారీ పెడుతున్నది గదా అంటారు. లారీ రాక ఐకేపీ సెంటర్లో కుప్ప తడిస్తే నష్టం లారీ కాంట్రాక్టరుదా, రైతుదా? ఆ నష్టం రైతు దగ్గర కూడా ఆగదు. వచ్చే పంటకు కూలి రేటు అడిగినప్పుడు, ‘నాకే మిగల్లేదు’ అనే మాటగా కూలోళ్ల కాడికి వస్తది.

2020 ఆగస్టులో కిసాన్ రైలు అని కేంద్రం డప్పు కొట్టింది. పండ్లు, కూరగాయలకు సగం కిరాయి. అనంతపురం నుంచి ఢిల్లీకి ఆ బండి నడిచింది కూడా. 2022 మార్చితో ఆ రాయితీ ఆగిపోయింది. వేలకోట్లతో వేసిన ప్రత్యేక సరుకు లైన్లు లూధియానా నుంచి, ముంబయి రేవు నుంచి పోతున్నయి. తెలుగు నేలను ఒక్కటీ తాకలేదు.

కాబట్టి లైను వచ్చిందని చప్పట్లు కొట్టి ఊరుకోవద్దు. సహకార సంఘాలు పది ఊళ్ల పంట కలిపి ఒకటి రెండు వ్యాగన్లయినా పంపుకునే వీలు గజ్వేల్, సిద్దిపేటల్లో కల్పించాలె. ఇంకోటి. గూడ్సు వచ్చిందంటే కొద్ది గంటల్లో ఖాళీ చేయాలె, లేకుంటే డెమరేజి పడతది. అందుకే హమాలీలను అర్ధరాత్రయినా పిలుస్తరు. రాత్రి పనికి అదనపు రేటు, షెడ్డులో నీడ, తాగునీళ్లు, మరుగుదొడ్డి, దెబ్బ తగిలితే పరిహారం. బండి ఆగేచోటల్లా ఇవి రాతపూర్వకంగా రాయించుకోవాలె.