కాలిన అడవి – రైతుల కర్తవ్యము

ఫాల్గుణ చైత్రములు వచ్చునప్పటికి కొండలమీద నిప్పు కనబడుట మన ప్రాంతములలో ఏటేటి వాడుకయై పోయినది. రాత్రివేళ కొండ నడుమున మంట బారులు తీరి ప్రాకుచుండగా చూచి, “అడవి కాలుచున్నది” అని యొక మాట యనుకొని మనము నిద్రకుపక్రమింతుము. అడవి సర్కారుది గనుక నష్టమును సర్కారుదే యని మనలో పెక్కుర తలంపు. ఈ తలంపు సరికాదని మా యభిప్రాయము. అడవి యెవరి యధీనమున నున్నను, దాని నాశ్రయించిన వాగు మనది, చెఱువు మనది, ఊటబావి మనది.

వెదుళ్లు ఒండొంటితో రాసికొని నిప్పు పుట్టెనని చెప్పుట పరిపాటి. పిడుగువలనను అడవి కాలవచ్చును గాని, మన దేశమున పిడుగు సాధారణముగా వానతో కూడియే వచ్చును. ఆకు రాలి యెండిన మాసములలో రగులు నిప్పు దాదాపు అంతయు మనుష్యుని చేతినుండి వచ్చినదే. ఇప్పపువ్వు ఏరుటకై చెట్టుక్రింది ఆకు కాల్చువారు, తునికాకు చిగురు దట్టముగా వచ్చునని పొదలకు నిప్పు పెట్టువారు, లేతగడ్డికై బీడు తగులబెట్టు కాపరులు, గట్టుమీది చెత్త కాల్చి చల్లార్పకయే యింటికి పోవు రైతులు, బీడీ ముక్క విసరిపోవు బాటసారులు – వీరిలో ఎవ్వరును అడవిని కాల్పవలెనని తలచినవారు కారు. అయినను అడవి కాలుచునే యున్నది.

నిప్పు ఒకసారి గాలినందుకొన్న పిమ్మట దాని నాపుట యెంత కష్టమో 2014 మార్చి నెలలో శేషాచలపు కొండలు చూపినవి. తిరుమల చుట్టుపట్ల అడవులు కాలుచుండగా వైమానిక దళమువారి హెలికాప్టర్లు వచ్చి ఆకాశమునుండి నీరు గ్రుమ్మరింపవలసి వచ్చెను. ఎఱ్ఱచందనము ప్రకృతిసిద్ధముగా పెరుగు తావులు తూర్పు కనుమల దక్షిణ భాగముననే కలవు. వానిలో శేషాచలము ముఖ్యమైనది. అట్టి వృక్షమును పోగొట్టుకొన్నచో మఱియొక దేశమునుండి తెచ్చుకొనుటకు వీలులేదు.

“తొలకరి పడగానే మరల పచ్చబడును గదా, బూడిద యెరువే గదా” అని కొందఱు వాదింతురు. ఈ వాదమును విచారింతము. ఆకులోని నత్రజనిలో పెద్దభాగము పొగతో పోవును. మిగిలిన బూడిదను మొదటి పెద్దవాన కొట్టుకొనిపోవును. కప్పుగానున్న రాలుటాకు పోయినందున వాన నేరుగా మట్టిమీద పడి, భూమిలో ఇంకుటకు మాఱుగా పైపైన పరుగిడి, కొండ మన్నును చెఱువులో చేర్చును. పూడిక పెరిగినకొలది ఆయకట్టు తరుగును. ఇక పచ్చదనము మాట. దళసరి బెరడుగల పెద్దచెట్లు చాలవఱకు బ్రదుకును. టేకు, మద్ది, ఎఱ్ఱచందనము మొదలగువాని మోళ్లనుండి పిలకలు లేచును. కాని ఆ పిలకలను, గింజ మొలకలను మఱుసటి యేటి నిప్పు కాల్చివేయును. మిగిలినవానిని మేకలు కొఱికివేయును. పెద్దచెట్టు పడిపోయిన నాడు దాని స్థానమున నిలుచు పిల్లచెట్టు ఉండదు. ఆ చోటను బోదగడ్డియు, లాంటానా కంపయు ఆక్రమించి, ఎండి, మఱుసటి నిప్పునకు ఇంధనమగును. ఇది అడవి చిగిర్చుట కాదు, అడవి తరుగుటయే.

కావున కాలిన తావు తిరిగి అడవి కావలెనన్న రెండే యుపాయములు: మరల కాలనీయకుండుట, పిలకలు పశువుల నోటికి అందని యెత్తు పెరుగువఱకు మేపకుండుట. మేపు మానుమని చెప్పుట సులభమే. పది మేకలతో సంసారము నడుపువాడు వానినెక్కడికి తోలవలెను? ఈ ప్రశ్నకు బదులు చెప్పక అడవిని మూయుట అన్యాయము. చెఱువు నిండుటవలన లాభము పొందువాడు మాగాణి రైతు. అడవి మూయుటవలన నష్టపడువాడు మేకల కాపరి. ఈ నష్టమును సంఘము పంచుకొనవలెను. కోతలనాడే చొప్పయు వరిగడ్డియు కొని నిలువచేసి, మూసిన యేండ్లలో కాపరులకు అసలు వెలకే యీయవలెను. అటవీశాఖవారి యనుమతితో గడ్డిని కొడవలితో కోసి తెచ్చుకొననీయవలెను.

ఇంకొక విషయము. అడవికి నిప్పు పెట్టుట 1967 నాటి అటవీ చట్టము ప్రకారము నేరము. చట్టము ఉండవలసినదే. అయితే పొరపాటున నిప్పు జాఱవిడిచినవాడు శిక్షకు వెఱచి దాగుకొన్నచో, ఒక మండతో ఆర్పదగిన మంట కొండనంతయు కాల్చును. నిప్పు చూచి మొదట కేకవేసినవానిని అనుమానింపక మెచ్చుకొను వాడుక గ్రామములో కలుగవలెను. ఇప్పుడు ఉపగ్రహములు నిప్పును కనిపెట్టగా అటవీ సిబ్బంది ఫోనులకు వార్తలు వచ్చుచున్నవి. కాని మంటవద్దకు ముందుగా చేరగలవి కొండక్రింది యూరివారి కాళ్లే.

మాఘమాసమునకు ముందే అటవీ సిబ్బందితో కలిసి అగ్నిరేఖలు శుభ్రపఱచుట, ఇప్పచెట్ల క్రింద ఆకు కాల్పక ఊడ్చుట, పొలపు చెత్తను ఎరువుగుంటలో వేయుట – వీనికి సొమ్ముకంటె కట్టుబాటు ముఖ్యము. సభ్యులు రాబోవు సర్వసభ్య సమావేశమున గడ్డి నిలువ విషయమును మొట్టమొదట చర్చకు పెట్టవలెనని కోరుచున్నాము. కాపరికి మేత చూపిన పిమ్మటనే అడవిని విడువుమని యడుగుటకు మనకు హక్కు కలుగును.